ముందు పెద్దవాళ్లను అడుగుదాం

తాతకు తండ్రి పేరు చెప్పమంటే మనలో చాలామంది తడుముకుంటారు. తద్దినాలు పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు నోటికి వస్తాయి. అక్కడ కూడా ఆయన ఏ పని చేసి బతికాడు, ఏ ఊరి నుంచి ఎందుకు తరలివచ్చాడు, ముత్తవ్వ పుట్టిల్లు ఏది అంటే జవాబు దొరకడం కష్టమే. ఆ సంగతులు తెలిసినవాళ్లు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు. కుటుంబ చరిత్ర తెలుసుకోవాలన్న కోరిక పుట్టినవారు ముందు వెళ్లి కూర్చోవాల్సింది వాళ్ల దగ్గరే.

పెద్దవాళ్లను తేదీలు అడిగి లాభం లేదు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చిందే 1969లో. తేదీకి బదులు ఊరంతా గుర్తుంచుకున్న సంఘటనను పట్టుకోవాలి. దివిసీమలో అయితే ‘ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా?’ అని అడగాలి. 1977కి అటో ఇటో లెక్క తేలుతుంది. తెలంగాణలో రజాకార్ల కాలం, 1948 పోలీసు చర్య అలాంటి కొండగుర్తులు. వాళ్లు ఒప్పుకుంటే ఆ మాటలను ఫోన్‌లో రికార్డు చేయాలి. అన్నదమ్ములిద్దరు ఒకే సంగతిని రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకుని, ఏది ఎవరి మాటో పక్కన రాయాలి. అప్పులు, తగాదాలు, పోయిన బిడ్డలు కూడా ఆ మాటల్లో వస్తాయి. చెప్పినంత వినాలి, తవ్వకూడదు.

ఆ తర్వాత అటక ఎక్కాలి. పెళ్లికి చదివించిన ఇత్తడి బిందె మెడ మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల్లో ఇచ్చినవారి పేరు ఉంటుంది, ఒక్కోసారి తేదీ కూడా. ట్రంకుపెట్టెలో పాత దస్తావేజు దొరికితే అది పెద్ద ఆస్తి. కొన్నవారు, అమ్మినవారు, వాళ్ల తండ్రుల పేర్లు, కాపురమున్న ఊరు, నాలుగు దిక్కులా హద్దుదారులు అన్నీ అందులో ఉంటాయి. అందులోని సర్వే నంబరు పట్టుకుని భూమి రికార్డుల్లో ఆంధ్రలో అడంగల్ దాకా, తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్లవచ్చు. నిజాం కాలపు కాగితాలకు ఉర్దూ చదవగలవారి సాయం కావాలి.

భూమి లేనివారి పేర్లు పట్టాల్లోకి ఎక్కలేదు. అయినా కొందరి జాడ ఊహించని చోట మిగిలింది. 1860 నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు లక్షన్నర మంది ఒప్పంద కూలీలు వెళ్లారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో ఆడా మగా ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. అక్కడి మునిమనవలు ఇప్పటికీ ఆ పుటలు పట్టుకునే పూర్వీకుల ఊళ్లు వెతుక్కుంటున్నారు.

కూలి మనిషిగా వెళ్లిన ఆడదానికి ఆ జాబితాలో దక్కిన వరుస, మన ఇళ్లలోని వంశవృక్షాల్లో చాలాసార్లు దక్కదు. అవి కొడుకుల కొమ్మలతోనే పెరుగుతాయి. కూతురు పెళ్లితో ఆగిపోతుంది, కోడలి పుట్టింటి పేరు చేరనే చేరదు. తాతల, అమ్మమ్మ నాయనమ్మల తల్లిదండ్రులను లెక్కపెడితే ప్రతి మనిషికీ ఎనిమిది మంది. మేనరికాలున్న ఇళ్లలో కొంత తగ్గవచ్చు. ఇంటిపేరు వెంట మాత్రమే నడిస్తే ఆ ఎనిమిది మందిలో ఒక్క మగవాడి దారే మనకు తెలుస్తుంది. మిగతా ఏడుగురి రక్తమూ మనదే, వాళ్ల కష్టం మీదా మనం నిలబడ్డాం. వాళ్లను వదిలేసి రాసేది సగం చరిత్ర కూడా కాదు.

రిజిస్టర్లు మరో పదేళ్ల తర్వాతైనా వెతకవచ్చు. ఎనభై దాటిన నాయనమ్మ జ్ఞాపకాన్ని అలా వాయిదా వేయలేం. ఈ సంక్రాంతికి ఊరెళ్లేవారు ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. మొదటి పేజీలో ఆమె పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఆమె తల్లి పేరు అడిగి రాయండి.