ఏడో తీగ

శంభులింగేశ్వరుడి జాతరొస్తే మేళ్లచెరువులో పగలు ఎడ్ల పందేలు, రాత్రి జాగారం. మా చిన్నతనంలో ఆ జాగారానికి బుర్రకథే దిక్కు. కథ సంగతేమోగానీ నా చూపంతా కథకుడి వేళ్ల మీదే ఉండేది. వేళ్లకు తొడిగిన అందెలు గల్లుమంటే తలలు లేచేవి. భుజాన తంబురా, చెరోపక్క గుమ్మెట్లు. వంతపాటగాళ్లలో ఒకడు నవ్వించేవాడు, ఇంకొకడు రాజకీయం మాట్లాడేవాడు.

ఇప్పుడు దాన్ని ‘సంప్రదాయ కళ’ అంటున్నాం. ఆ మాటతోనే నాకు పేచీ. సంప్రదాయమంటే తాతలనాటి పంచెను మడత నలక్కుండా పెట్టెలో దాచడమేనా?

షేక్ నాజర్‌నే తీసుకోండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టాడు. పేద దూదేకుల ఇల్లు. జంగాలు చెప్పుకునే కథను తీసుకుని, దానికి నాటకంలోని అభినయం, తాను నేర్చిన సంగీతం జోడించాడు. పల్నాటి యుద్ధం చెప్పాడు, బొబ్బిలి యుద్ధం చెప్పాడు. అక్కడే ఆగి ఉంటే మంచి పాతకథల నాజరయ్యేవాడు. కానీ ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగి బెంగాల్ కరువునూ బుర్రకథ చేశాడు. 1943లో జనం ఆకలితో రాలిపోతున్న వార్త, పేపరు చదవలేనివాడికి తందానతానతో చేరింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో వెళ్లిపోయాడు. అంగడాల వెంకట రమణమూర్తి ఆయన దగ్గర కూర్చుని రాసుకోబట్టి, ఆ బతుకు ‘పింజారి’ పుస్తకమై మనకు మిగిలింది.

ఎక్కడో క్యూబాలోనూ ఇలాంటి మనిషొకడుండేవాడు, పాటగాడు కంపాయ్ సెగుండో. 1907లో పుట్టాడు. ఆరు తీగల గిటారు చాలక ఏడు తీగలతో సొంత వాయిద్యం చేసుకున్నాడు. పాట కూడు పెట్టక ఏళ్ల తరబడి చుట్టల ఫ్యాక్టరీలో పనిచేశాడు. తొంభైకి దగ్గరపడ్డాక, 1996లో హవానాలో ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’ రికార్డింగుకు పిలుపొచ్చింది. ప్రపంచమంతా ఆ ముసలాయన పాటకు తలూపింది. 2003లో కన్నుమూశాడు. ఆయన్నీ ‘సంప్రదాయ’ విద్వాంసుడనే అంటారు. ఏడో తీగ ఏ సంప్రదాయంలో ఉందో మరి!

మన బుర్రకథకు ఇప్పుడు దొరుకుతున్న పని ఎక్కువగా సర్కారు పథకాల ప్రచారమే. రాసిచ్చిన కాగితం చదవడమే కథకుడి వంతు. రాజకీయం చెప్పేవాడి నోటికి తాళం పడ్డాక ఇక గుమ్మెట ఎంత గట్టిగా కొడితే ఏం లాభం?

జాతర పెద్దలకు నాదొక మనవి. శాలువాలు తర్వాత కప్పొచ్చు. డీజే బాక్సులు ఒక్క రాత్రి పక్కనపెట్టి, కుర్ర దళానికి వేదికివ్వండి. పల్నాటి యుద్ధం అడగొద్దు. కృష్ణ పక్కనే పారుతోంది, ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, పొలాలున్నాయి. ఏ కథ చెప్పాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. కథ మనకే తగిలితే, ముందు వరసలో కూర్చుని విందాం.

– కృష్ణాతీరి