తాగితే ఎక్కడికెళ్ళాలండీ?

బొమ్మ చూడ్డానికి వెళ్తే నేను క్లైమాక్సు వదులుకునే రకం కాదు. విలన్ చేతులకి బేడీలు పడ్డాకే సీట్లోంచి లేస్తాను! అలాంటివాణ్ణి, పోయిన వేసవిలో రాజమండ్రిలో వరసగా రెండు బొమ్మలకి క్లైమాక్సు చూళ్ళేకపోయాను. కారణం... రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు! ఎవరో చెబితే లెక్కపెట్టి మరీ తాగడం మొదలెట్టాను. సాయంకాలానికి లెక్క తగ్గితే, హాల్లోకి వెళ్ళేముందు మూడు గ్లాసులు ఏకబిగిన లాగించేవాణ్ణి. తర్వాత కథ మీరే వూహించుకోండి.

ఇంతకీ ఈ ఎనిమిది ఎక్కడిది? 1945లో అమెరికాలోని ఆహార పోషణ బోర్డువారు మనిషికి రోజుకి రెండున్నర లీటర్లు కావాలన్నారు. అందులో చాలాభాగం తినే తిండిలోనే ఉంటుందని కూడా ఆ వెంటనే అన్నారు. జనం మొదటి డైలాగుకే ఈల వేసేశారు, రెండోది ఆ గోలలో కలిసిపోయిందంటారు! 2002లో హైంజ్ వాల్టిన్ అనే డాక్టరుగారు ఎంత వెతికినా ఎనిమిది గ్లాసులకి శాస్త్రీయమైన ఆధారం దొరకలేదని తేల్చారు. 2004లో అక్కడి శాస్త్రజ్ఞులు మగవారికి 3.7, ఆడవారికి 2.7 లీటర్లన్నారు గానీ, అది తిండిలో నీరూ, కాఫీ టీలూ అన్నీ కలిపి.

అయితే వాల్టిన్‌గారి మాట చల్లని చోట్ల నీడపట్టున కూర్చునేవాళ్ళకి. మన గోదావరి జిల్లాల మే నెల సంగతి వేరు.

ఆ మే నెల్లోనే ధవళేశ్వరం దగ్గర ఓ షూటింగుకి వెళ్ళాను. యూనిట్ పేరు అడక్కండి. ఓ జూనియర్ ఆర్టిస్టు, ఇరవై ఏళ్ళుంటాయి, పొద్దుటినుంచీ పట్టుచీరలో ఎండలో నిలబడి ఉంది. ప్రొడక్షన్ కుర్రాడు రెండుసార్లు నీళ్ళు తెచ్చినా వద్దంది.

"తాగవేం అమ్మా?" అన్నాను.

తల వంచుకుని, "తాగితే ఎక్కడికెళ్ళాలండీ?" అంది.

చుట్టూ చూశాను. ఇసక, గట్టు, వందలమంది జనం. హీరోయిన్‌గారికి కేరవాన్ ఉంది. ఈ పిల్లకి చెట్టు చాటైనా లేదు.

మధ్యాహ్నం రెండింటికి కూలబడిపోయింది. నీడకి చేర్చి, తడిగుడ్డతో తుడిచి, ఉప్పేసిన మజ్జిగ కొద్దికొద్దిగా పట్టారు. కాసేపటికి తేరుకుంది. తేరుకోగానే ఆమె అడిగిన మొదటి మాట... "ఇవాళ్టి డబ్బులు ఇస్తారాండీ?"

1847లో మొదలెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట కట్టించి, డెల్టా అంతా నీళ్ళు పారించిన చోటండీ అది! 'మూగమనసులు' (1964), 'అందాల రాముడు' (1973) చూసి గోదారిని ప్రేమించినవాళ్ళం మనం. ఆ గోదారి గట్టునే ఆ పిల్ల గొంతు ఎండబెట్టుకుంది.

కాబట్టి మిత్రులారా, గ్లాసులు లెక్కపెట్టకండి. దాహమేస్తే తాగండి. ఎండలో ఉంటే దాహం వేసేదాకా ఆగకండి. మూత్రం లేత పసుపైతే ఫర్వాలేదు, ముదురు రంగైతే నీళ్ళు చాలడం లేదన్నమాట. చెమటలు కారిపోతే ఉప్పు మజ్జిగ తాగండి. లేదా లీటరు మంచినీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలుపుకోండి. పందెం కట్టి మాత్రం తాగకండి. కిడ్నీలు గంటకి సుమారు లీటరు మించి బయటికి పంపలేవు, ఒంట్లో ఉప్పు పల్చబడితే ప్రాణానికే ముప్పు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

నిర్మాతలకీ, హాళ్ళవాళ్ళకీ ఒక్కటే మనవి. మంచినీళ్ళు పెట్టడంతో సరిపోదు, ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్రూం కూడా చూపించండి.

ఇక మీరు... ఈసారి మీ అక్కో చెల్లెలో సినిమాకి బయల్దేరేముందు నీళ్ళు మానేస్తోందేమో అడిగి చూడండి. ఏం చెప్పిందో నాకు రాయండి.