పిల్లికో లాకరు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలంటారు. బ్యాంకు ఉద్యోగి తన వాళ్లను ఏడూళ్లు తిప్పుతాడని నేను కలుపుకున్నాను. బదిలీ అయిన ప్రతిసారీ సామానుతో పాటు మా పిల్లి కూడా లారీ దిగుతుంది. మేము కొత్తింట్లో పాలు పొంగించుకుంటుంటే అది బీరువా వెనక్కి దూరిపోతుంది. అది అలక కాదు, భయం.

పిల్లి వేటాడే జంతువే అయినా, తనకంటే పెద్ద జంతువులకు తానే వేట. అందుకే బెదిరితే దాక్కోవడం దాని స్వభావం. 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు ఈ విషయం మీద ఒక పరిశీలన ప్రచురించారు. ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో 10 పిల్లులకు దాక్కునే పెట్టెలిచ్చారు, 9 పిల్లులకు ఇవ్వలేదు. మూడు నాలుగు రోజులు గడిచేసరికి పెట్టె ఉన్నవాటిలో బెదురు బాగా తక్కువగా కనిపించిందట.

అలాంటి పెట్టె మనింట్లోనే చేసుకోవచ్చు. ఖర్చు దాదాపు సున్నా. కిరాణా కొట్లో ఒక గట్టి అట్టపెట్టె అడగండి. పొడవు 18 అంగుళాలు, వెడల్పు, ఎత్తు 12 నుంచి 14 అంగుళాలు ఉంటే చాలు. మరీ పెద్దదైతే పిల్లికి మరుగున ఉన్నట్టుండదు. పిన్నులు, టేపు, తాళ్లు పూర్తిగా పీకెయ్యండి. తాడు మింగితే పిల్లి పేగులకు ప్రమాదం. తర్వాత రెండు పక్కల 7 అంగుళాల రంధ్రాలు కొయ్యండి.

రెండెందుకంటారా? పిల్లిని గదిలో పెట్టి కొడితే పులి అవుతుందన్న సామెత ఉండనే ఉంది. ఒక్కటే వాకిలి ఉండి, అందులో పసివాడు చెయ్యి పెడితే జరిగేది అదే. రెండో వాకిలి ఉంటే పిల్లి గోరు చూపకుండా తన దారిన తాను పోతుంది.

లోపల పాత నూలుచీర మడతపెట్టి వెయ్యండి. ఇంట్లోవాళ్లు కట్టి విడిచినదైతే మరీ మంచిది, తెలిసిన వాసన దానికి ధైర్యం. కలరా ఉండలు మాత్రం దగ్గరికి రానివ్వకండి. అవి పిల్లికి విషం. ఫినాయిలు కూడా అంతే. జనం తిరగని మూల చూసి పెట్టె పెట్టండి. తిండిగిన్నె, మట్టితొట్టి కాస్త దూరంగా ఉండాలి.

ఇక మా బ్యాంకు నియమం ఒకటి. ఖాతాదారు తాళంచెవి లేనిదే లాకరు తెరవం. ఆ పెట్టె కూడా పిల్లి లాకరే. అది లోపలుంటే ఎవరూ చెయ్యి పెట్టి లాగకూడదు. చుట్టాలొచ్చి “మీ పిల్లి ఏదీ?” అని అడిగినా సరే.

దీపావళికి కనీసం వారం ముందే పెట్టె అలవాటు చెయ్యండి. ఆ రోజు చీకటి పడకముందే పిల్లిని లోపలికి తెచ్చి, కిటికీలు మూసి, పెట్టెను లోపలి గదిలో ఉంచండి. టపాకాయల మోతకు వీధిలోకి పరుగెత్తిన పిల్లికి, అందులోనూ కొత్త పేటలో, తిరిగొచ్చే దారి దొరకడం కష్టం.

ఒక్క జాగ్రత్త. పిల్లి జబ్బు పడినా దాక్కుంటుంది. ఒక రోజంతా తిండి ముట్టకపోతే పశువైద్యుణ్ణి అడగండి. కొన్ని రోజులు పస్తుంటే, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి రావచ్చు. మూత్రం కోసం ముక్కుతూ పొయ్యలేకపోతుంటే, మగపిల్లయితే మరీ, గంట కూడా ఆగకండి.

చివరిగా, పెట్టె మీద పిల్లి పేరు తెలుగులో రాసే పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో రాసే ఆ చేతులకు ఇష్టంగా నాలుగు తెలుగక్షరాలు దిద్దే అవకాశం వస్తుంది. ఒత్తు తప్పితే మీరు సరిదిద్దండి. పిల్లి ఏమీ అనుకోదు.