పరీక్షించడం అవిశ్వాసం కాదు

మా జహీరాబాద్‌ల అల్లం చేలల్ల కూలి చేసి దాచిన పైసలు మా అమ్మ ఒక 'ప్రవక్త' చేతిల పెట్టింది. "ఏడాదిలో నీ కొడుక్కి సర్కారు నౌకరి" అని నా నెత్తిమీద చెయ్యిపెట్టి ప్రవచించాడు. మూడేండ్లయింది. అడిగితే, "నీకే విశ్వాసం తక్కువమ్మా" అన్నాడు.

పరీక్ష అమ్మకు కాదు, ఆయనకు. చెప్పింది జరగకపోతే అది దేవుని మాట కాదని ద్వితీయోపదేశకాండం 18:22 తేల్చేసింది. పైసలకు పలికే ప్రవక్తలను మీకా నిలదీశాడు. ప్రవచనాలను కొట్టిపారేయొద్దన్న పౌలే అన్నిటినీ పరీక్షించమన్నాడు.

పేదలను చెప్పుల జోడుకు అమ్ముకున్నోళ్లను ఎదిరించిన ఆమోసు పశువుల కాపరి. న్యాల్కల్, ఝరాసంగంల నిమ్జ్‌కు దళితుల భూములు పోతుంటే, ఈ ప్రవక్తల నోట నేను ఒక్క ప్రవచనం వినలేదు.

వచ్చే ఆదివారం అమ్మ పక్కన నిలబడి అడుగుతా: ఏదీ ఆ నౌకరి? మీరూ అడగండి.