సవతి లాంటి పద్మినితో హార్స్‌లీ కొండకి

పిల్లలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఎండాకాలం సెలవులంటే మనకి ఒకటే లెక్క. పుట్టింట్లో పది రోజులు, అత్తవారింట్లో పది రోజులు, ఆవకాయకి ఓ వారం. అదే పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్ళిపోయాక చూడండి, మే నెల ఎంత పొడుగ్గా ఉంటుందో! ఇంట్లో మిగిలేది ఇద్దరం. పాలవాడికి డబ్బులిచ్చావా, కరెంటు బిల్లు కట్టారా... అంతకి మించి మాటలుండవు. ఈ సంగతి నాతో చాలామంది అక్కచెల్లెళ్ళు అన్నారు. అందుకే ఈ వారం ఊరగాయల కబుర్లు పక్కనపెట్టి, ఇద్దరూ కలిసి చేసే ప్రయాణం గురించి ముచ్చటిద్దామనుకున్నాను.

ఈ వయసులో మగవారికి ఏదో ఒక వ్యాపకం పట్టుకుంటుంది. కొందరికి పేకాట, కొందరికి రాజకీయాలు. మావారికి కారు. కొత్త కారు కాదు సుమండీ! మా మామగారు 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని. ఆ రోజుల్లో డబ్బు కట్టి, పేరు నమోదు చేయించుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గానీ కారు చేతికొచ్చేది కాదు. ముంబైలో కుర్లా ఫ్యాక్టరీలో 1964 నుంచి ఫియట్ పేరుతో తయారైన బండే, 1974లో పద్మిని అయింది. ముంబై టాక్సీలుగా తిరిగిన పద్మినిలు కూడా 2023 అక్టోబరు చివరికి రోడ్డు దిగిపోయాయి. మా సికింద్రాబాద్ ఇంటి షెడ్డులో మాత్రం మా పద్మిని రాణిలా కూర్చుంది. ఆదివారం వస్తే మావారు దాని సేవలోనే ఉంటారు. సవతి అంటే ఇలాగే ఉంటుందేమో అని నేను వేళాకోళం చేస్తుంటాను.

ఈ ఏడాది వేళాకోళం కాస్తా నిజమైన చిక్కయింది. 15 ఏళ్ళు దాటిన కారుకి ప్రతి ఐదేళ్ళకీ ఆర్.సి. మళ్ళీ చేయించాలి. 20 ఏళ్ళు దాటిన కార్లకి ఆ రుసుము 2025 ఆగస్టులో 10,000 రూపాయలైంది. పైన హరిత పన్ను, ఇన్సూరెన్సు, రిపేర్లు. ఇంతలో ఒకాయన వచ్చి, మంచి ధర ఇస్తాను, అమ్మేయండి అన్నాడు. మావారు ఔననలేదు, కాదనలేదు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు, "నువ్వే చెప్పు" అన్నారు.

నేను వెంటనే చెప్పలేదు. "ఒక్కసారి దీంట్లో ఇద్దరం కొండకి వెళ్ళొద్దాం. వచ్చాక చెబుతాను. కాని మూడు షరతులు" అన్నాను. మొదటిది, పాత బండి కదా, ముందు సీట్లకి బెల్టులు బిగించాలి. రెండోది, బండికయ్యే ప్రతి పైసా నా పద్దు పుస్తకంలోకి ఎక్కాలి. మూడోది, కొండ మీద ఉన్నన్నాళ్ళూ బండి తాళాలు నా దగ్గర, పొద్దున్నే ఇద్దరం నడవాలి. మావారికి షుగరు. డాక్టరుగారు రోజూ నడవమని ఎన్నిసార్లు చెప్పినా, ఈయన నడిచేది వీధి గుమ్మం నుంచి షెడ్డు దాకానే!

రాణీగంజ్‌లో సామాను కొని, మెకానిక్ చేత పెట్రోలు వెళ్ళే రబ్బరు గొట్టాలన్నీ మార్పించారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు కదా, పాత బండ్ల రబ్బరు దానికి త్వరగా పాడవుతుంది. రేడియేటర్ కడిగించారు, బ్రేకులు చూపించారు. నా వంతు తిండి. చింతపండు పులిహోర, సున్నుండలు, పెరుగన్నం. పెరుగన్నం దారిలో పులిసిపోకుండా ఉండాలంటే అన్నంలో కాచి చల్లార్చిన పాలు ధారాళంగా పోసి, ఒక్క చెంచాడు పెరుగు కలిపి డబ్బాలో పెట్టండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది.

మా సికింద్రాబాద్ నుంచి హార్స్‌లీ కొండ 500 కిలోమీటర్ల పైచిలుకు. ఏసీ లేని బండికి మే నెల ఎండలో సూత్రం ఒకటే: తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి, మిట్టమధ్యాహ్నం కల్లా నీడన చేరాలి. జడ్చర్ల దాటేసరికి తెల్లారింది. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర. కర్నూలులో బొరుగుల ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాం. ముందు తలుపులకున్న మూడు మూలల చిన్న అద్దాలు తిప్పితే గాలి ముఖానికే కొడుతుంది. ఆ సుఖం ఏ ఏసీ కారులోనూ లేదని మావారి వాదన. నిజం చెప్పొద్దూ, పొద్దుటిపూట నాకూ నచ్చింది.

గుత్తి దాటాక మాత్రం బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మావారు కంగారు పడలేదు. ఎండ వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరైపోతే ఇంజనుకి అందదట. గుడ్డ తడిపి పంపు మీద కప్పి అరగంట ఆగాలి. నా తువ్వాలు తడిపిచ్చాను. ఒక మాట గుర్తుంచుకోండి, ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత ఎవర్నీ తీయనివ్వకండి. మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి.

వేపచెట్టు కింద కూర్చున్నాం. ఎన్నేళ్ళయిందో మేమిద్దరం అలా ఏ పనీ లేకుండా కూర్చుని! మావారు బండి వైపు చూస్తూ అన్నారు: "నాన్న ఎప్పుడూ నాతో దగ్గరగా మాట్లాడింది లేదు. దీంట్లో పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవింగు నేర్పించిన నెల రోజులే మాట్లాడారు. స్టీరింగు పక్కనున్న ఈ గేరు మీద నా చేయి, దాని మీద ఆయన చేయి." అన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేను వినడం అదే మొదలు. ఆదివారాలు షెడ్డులో ఆయన ఎవరి దగ్గరికి వెళుతున్నారో అప్పుడు తెలిసింది.

రాత్రికి అనంతపురంలో ఆగి, మర్నాడు కదిరి నరసింహస్వామి దర్శనం చేసుకుని, ఆ పక్కనే తిమ్మమ్మ మర్రిమాను చూశాం. దాదాపు 5 ఎకరాల మేర పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. భర్త చితిలో దూకిన ఇల్లాలి చోట మొలిచిందని కథ. ఆ కాలం వేరు. మనకి మాత్రం కలిసి చావడం కాదు, కలిసి బతకడమే వ్రతం.

హార్స్‌లీ కొండ సుమారు 1,265 మీటర్ల ఎత్తు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల కథ అక్కడివాళ్ళు చెబుతారు. కడప కలెక్టరు హార్స్‌లీ దొర 19వ శతాబ్దంలో అక్కడ వేసవి బంగళా కట్టుకోవడంతో ఆయన పేరు స్థిరపడింది. ఘాటు రోడ్డు మీద ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలని మావారి సూత్రం. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి.

మర్నాడు పొద్దున్నే షరతు ప్రకారం తాళాలు నా కొంగున ముడేసుకుని, కాన్వాసు బూట్లతో బయల్దేరదీశాను. మొదటిరోజు గాలిబండ దాకా వెళ్ళేసరికి మావారికి ఆయాసం వచ్చింది. నాలుగుసార్లు కూర్చున్నాం. జేబులో పిప్పరమెంటు, చేతిలో మంచినీళ్ళు పెట్టుకునే వెళ్ళాం. షుగరున్నవారు అవి లేకుండా కొండ నడకకి వెళ్ళకూడదు. రెండోరోజు రెండుసార్లే ఆగారు. మూడోరోజు యూకలిప్టస్ చెట్ల మధ్య నాకంటే ముందు నడిచి, "ఏమోయ్, వెనకబడ్డావేం?" అన్నారు!

ఒక రోజు కిందికి దిగి మదనపల్లె చూశాం. 1919లో రవీంద్రనాథ్ టాగోరు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి జనగణమనకి ఇంగ్లీషు అనువాదం రాశారు. ఆ పాట బాణీని స్వరాల్లో రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్ అనే ఇల్లాలు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడం వెనకా ఆవిడ పూనిక ఉంది. ఆవిడా భర్తతో కలిసి సముద్రాలు దాటి వచ్చినావిడే.

తిరిగొచ్చాక పద్దు పుస్తకం ముందేసుకుని నా తీర్పు చెప్పాను. బండి అమ్మొద్దు. ఆర్.సి. రుసుము చీటీ డబ్బులోంచి కడదాం. కాని రిపేర్లకి నెలకింత అని హద్దు. పొద్దున్న మా కాలనీ పార్కులో నాతో కలిసి అరగంట నడిచిన వారానికే ఆదివారం షెడ్డు తాళం. 50 ఏళ్ళు నిండితే వింటేజ్ బండిగా నమోదు చేయించుకోవచ్చని మావారి ఆశ. 2021 నాటి నిబంధనల ప్రకారం అలా చేయిస్తే ప్రదర్శనలకీ ర్యాలీలకే తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. అంటే మా కొండ ప్రయాణాలకి 2036 దాకా ఢోకా లేదన్నమాట!

మీ ఇంట్లోనూ కారు కాకపోతే చేపల గాలమో, పాత రేడియోనో, తోటపనో ఏదో ఒకటి ఉంటుంది. ఆ ఖర్చుకి హద్దు పెట్టండి, తప్పులేదు. కాని హద్దు పెట్టేముందు ఒక్క పూట ఆయన పక్కన కూర్చుని, అదంటే ఎందుకంత ఇష్టమో అడిగి చూడండి. ఈ ఆదివారం నాకు ఇంజనాయిలు పుల్ల తీసి చూడడం నేర్పారు. వచ్చే ఆదివారం మావారి వంతు, పులిహోర పోపు!