నడుం నొప్పికి తన్నే మందా?

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ కాలికి మహత్తు ఉంటుందని మన వైపు నమ్మకం. ఎవరికైనా నడుం పట్టేసిందంటే చాలు, ఫలానా వీధిలో ఫలానా వాళ్ళబ్బాయి ఎదురుకాళ్ళ వాడట అని కబురు పెడతారు. వాడొచ్చి వీపు మీద కాలితో మూడు తాపులు తన్ని, కాఫీ తాగి వెళ్ళిపోతాడు. పాలకొల్లులో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఇదంతా చాదస్తం అని నవ్వే మన పిల్లలే ఇప్పుడు ఫోనులో ఎవరో ఒకాయన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మెడ టక్కుమనిపిస్తుంటే కళ్ళార్పకుండా చూస్తున్నారు. అదే తన్ను, కాకపోతే ఇంగ్లీషులో తంతున్నాడు. దాని పేరు కైరోప్రాక్టిక్.

ఎవరి వెన్ను వాళ్ళిష్టం, నాకేం. కానీ ఆ వీడియోలు కడుపుతో ఉన్న పిల్లల దాకా వచ్చాయి. ఏడో నెల నడుస్తున్న మా మేనకోడలు మొన్న ఒకటి చూపించి, "అత్తా, హైదరాబాదులో కూడా చేస్తున్నారట, ఒక్కసారి వెళ్ళొస్తే ఈ నొప్పి పోతుందేమో" అంది. మన పాత తన్నుల వైద్యులకి ఒక ఇంగితం ఉంది. కడుపుతో ఉన్నదాని జోలికి రారు.

ఈ వైద్యం 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో మొదలైంది. డి.డి. పామర్ అని అయస్కాంత వైద్యం చేసుకునే ఆయన ఒకడు, వెన్ను సర్ది ఒక చెవిటివాడికి వినికిడి తెప్పించానన్నాడు. వెన్నుపూస పక్కకి జరగడమే దాదాపు అన్ని జబ్బులకీ మూలం అన్నాడు. అక్కడ ఇప్పుడు దానికి కాలేజీలు, లైసెన్సులు, ఇన్సూరెన్సు అన్నీ ఉన్నాయి. గర్భిణులకి పొట్ట నొక్కుకుపోకుండా మధ్యలో కిందకి దిగే బల్లలు ఉన్నాయి. మన అమ్మాయిలు అక్కడ వెళ్ళి హాయిగా ఉందంటే అబద్ధమని నేననను. ఎవరైనా అరగంట మన మాట విని, నడుం మీద చెయ్యేస్తే హాయిగానే ఉంటుంది. ఇక ఆ టక్కుమనే శబ్దం అంటారా, కీలులో ఉండే జిగురులో గాలిబుడగల వల్ల వచ్చేది. మనం వేళ్ళు విరుచుకుంటే వచ్చేదీ అదే. ఎముక సర్దుకున్న చప్పుడు కాదు.

వాళ్ళలో కొందరు అక్కడితో ఆగరు. 2008లో ఇంగ్లాండులో సైమన్ సింగ్ అనే సైన్సు రచయిత, పసిపిల్లల కడుపునొప్పికీ ఉబ్బసానికీ ఇది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని పత్రికలో రాశాడు. బ్రిటిష్ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ ఆధారం చూపించకుండా ఆయన మీద పరువునష్టం దావా వేసింది. రెండేళ్ళు తిప్పి, 2010లో వెనక్కి తీసుకుంది. గర్భిణుల దగ్గర చెప్పే గొప్ప ఇంకొకటి, వెబ్‌స్టర్ టెక్నిక్. కటి భాగం సర్దితే ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డ తనంతట తనే తల కిందకి తిరుగుతుందట! ఎదురుకాళ్ళ వాళ్ళు నడుం సర్దడం మనకి తెలుసు గానీ, నడుం సర్ది ఎదురుకాళ్ళ వాళ్ళనే లేకుండా చేయడం నేను ఇక్కడే విన్నాను. నెలలు గడిచేకొద్దీ చాలామంది బిడ్డలు వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు. నెలలు నిండేసరికి అలా ఉండిపోయేది నూటికి ముగ్గురో నలుగురో. తిరిగిన ప్రతి బిడ్డనీ తన ఖాతాలో రాసుకోవడం ఎవరికైనా తేలికే.

బిడ్డని తిప్పే పద్ధతి అసలు వైద్యంలోనే ఉంది. 37వ వారం ప్రాంతంలో ఆసుపత్రిలో, స్కానింగు చూస్తూ, బిడ్డ గుండె వింటూ, అవసరమైతే ఆపరేషన్‌కి సిద్ధంగా ఉండి, డాక్టరు పొట్ట మీద చేతులతో మెల్లగా తిప్పుతారు. సుమారు సగం మందిలో ఫలిస్తుంది. మీలో ఎంతమందికి ఈ మాట డాక్టరు నోటి వెంట వినబడింది? ఎదురుకాళ్ళు అనగానే ఆపరేషన్ తేదీ, దాని వెనకే మనం పంతులుగారి దగ్గరికి ముహూర్తానికి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21. ఇలాంటి చోట, కోత లేకుండా బిడ్డని తిప్పుతానని ఫోనులో ఎవడైనా అంటే ఆ పిల్ల ఆశపడదా?

అందుకే నా కోపం ఆ వీడియోల మీద సగమే. మిగతా సగం మన మీద.

కడుపుతో ఉన్న పిల్ల నడుం నొప్పి అంటే మన ఇళ్ళల్లో ఒకటే సమాధానం. మేం కనలేదేంటి? పైగా వంగి ఊడిస్తే, గొంతుక్కూర్చుని గుడ్డపెట్టి తుడిస్తే సుఖప్రసవం అవుతుందని ఉన్న పనిమనిషిని మాన్పించేవాళ్ళని కూడా చూశాను. నడక మంచిది, కదలిక మంచిది, కాదనను. తొమ్మిదో నెలలో తడిబట్టల బకెట్టు మేడ మీదకి మోయడం ఏ వ్యాయామం? పక్కనే నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ అనే ఆవిడ 1982లో ఒక పుస్తకమే రాసింది. పొద్దస్తమానం మెడ వంచి అల్లినా వాళ్ళని పనివాళ్ళుగా కాక, ఇంట్లో తీరిగ్గా కూర్చున్నవాళ్ళుగానే లెక్కేశారని అందులో ఆవిడ వాదన. పనినే పనిగా లెక్కపెట్టని చోట, ఆ పని తెచ్చిన నొప్పిని ఎవరు లెక్కపెడతారు?

డాక్టర్ల దగ్గరా అంతే. స్కానింగు, బీపీ, రక్తం, ఐరన్ మాత్రలు, తర్వాత ఎవరమ్మా? నొప్పి అంటే "మామూలే". అవును, మామూలే, సగం మందికి పైగా గర్భిణులకి వస్తుంది. రిలాక్సిన్ లాంటి హార్మోన్లు కాన్పు కోసం కటి దగ్గర కీళ్ళని వదులు చేస్తాయి, పొట్ట బరువు ముందుకి లాగుతుంది, నడుం వెనక్కి వంగి మోస్తుంది. మామూలుగా వచ్చేదైనంత మాత్రాన ఊరుకోవాలని ఎక్కడుంది? జ్వరం కూడా మామూలుగా వచ్చేదే, మాత్ర వేసుకోవట్లేదా?

దీనికి చేయగలిగింది ఉంది, టక్కుమనకపోవచ్చంతే. గర్భిణుల నడుం నొప్పి మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2015 కోక్రేన్ సమీక్ష, ఆధారాలు అంత గట్టివి కావని చెబుతూనే, వ్యాయామంతో నొప్పి తగ్గొచ్చని తేల్చింది. ఫిజియోథెరపిస్టులు పాలకొల్లులో ఉన్నారు, భీమవరంలో ఉన్నారు. డాక్టరుని అడిగి వాళ్ళ దగ్గర నాలుగు వ్యాయామాలు నేర్చుకోవచ్చు. పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవడం, మడమ ఎత్తు లేని చెప్పులు, కావాలంటే పొట్ట కింద బెల్టు, గంటల తరబడి నిలబడకుండా కుర్చీ వేసుకుని కూర తరుక్కోవడం. ఇంత చిన్న విషయాలకి లైకులు రావు.

పైగా కైరోప్రాక్టర్లని నమోదు చేసే చట్టబద్ధమైన కౌన్సిల్ మన దేశంలో లేదు. బోర్డు పెట్టినాయన అమెరికాలో ఏళ్ళ తరబడి చదివాడో, పది వీడియోలు చూసి మొదలుపెట్టాడో మనకి తెలిసే దారి లేదు. మెడ విసురుగా తిప్పించుకున్నాక మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని చీరి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చాలా అరుదు, నిజమే. కానీ రెండు ప్రాణాల మనిషి ఆ అరుదుతో పందెం ఎందుకు కాయాలి?

ఇంకొకటి. నడుం నొప్పి అన్నిసార్లూ నడుం నొప్పి కాదు. నెలలు నిండకుండా వస్తూ పోతూ ఉండే నొప్పి, రక్తం కనబడటం, నీరు పోవడం, చలిజ్వరంతో మూత్రంలో మంట, వీటిలో ఏదున్నా బల్లలూ బెల్టులూ కాదు, వెంటనే ఆసుపత్రి. రాత్రి పూటైనా సరే. ఓర్చుకో అని నేర్పిన పిల్ల ఇది కూడా ఓర్చుకుంటుందన్నదే నా భయం.

మా మేనకోడలు హైదరాబాదు వెళ్ళట్లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు కదా, ఈసారి తనతో నేనూ వెళ్తున్నాను. "మామూలే" అంటే లేచి వచ్చేయకుండా, ఏం చేయాలో చెప్పేదాకా అక్కడే కూర్చుంటాం. బకెట్టు సంగతి వాళ్ళాయనతో మాట్లాడాను, మోస్తానన్నాడు.