డౌన్‌లోడ్ సంగతి తర్వాత, ముందు జవాబు

మొన్నామధ్య మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. కాలేజీకి కొత్త యాప్ వచ్చిందట. విద్యార్థులూ సిబ్బందీ అందరూ దాన్ని వాడేలా మేము ‘ప్రోత్సహించాలట’. శుక్రవారం లోపు నూటికి నూరు శాతం ఇన్‌స్టాల్ కావాలి. ఏ సెక్షన్‌లో ఎంతమంది చేశారో రోజూ సాయంత్రం స్క్రీన్‌షాట్ పెట్టాలి. గుడ్ మార్నింగ్ బొమ్మలకు కూడా దండం పెట్టే మా గ్రూపు దీనికీ దండం పెట్టింది. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు?

మాది సూర్యాపేట జిల్లా మోతె మండలం. ఆ చుట్టుపక్కలే ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్‌ని. పీరియడ్ల లెక్కన జీతం. ఇదంతా టెక్నాలజీ గిట్టని మనిషి చాదస్తం అనుకోకండి. కరెంటు బిల్లు నుంచి బస్సు టికెట్ దాకా ఫోన్లోనే కట్టేవాణ్ణి. నా తగువు యాప్‌తో కాదు, ‘ప్రోత్సాహం’ అనే ఆ మాటతో.

వాట్సాప్ వాడమని మా ఊళ్లో ఎవరైనా ఎవరినైనా ప్రోత్సహించారా? చాయ్ హోటల్లో క్యూఆర్ కోడ్ అతికించమని సర్క్యులర్ ఏమన్నా వచ్చిందా? పనికొచ్చింది, వాడుకున్నారు, అంతే. 2016లో డిగ్రీ అడ్మిషన్లకు ‘దోస్త్’ తెచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టుకుంటేనే సీటన్నారు. పిల్లలు తిట్టుకుంటూనే నెట్ సెంటర్ల ముందు నిలబడ్డారు. అది తప్పనిసరి. దానికి ప్రోత్సాహం అని పేరు పెట్టలేదు. కనీసం ఆ మాటలో నిజాయితీ ఉంది.

పక్క రాష్ట్రం సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు మొదలుపెట్టారు. ఆ తర్వాతి నెలలోనే ఇంటర్ హాల్‌టికెట్లు అందులో ఇచ్చారు. ఫీజు బాకీ ఉంది కాబట్టి హాల్‌టికెట్ ఇవ్వం అనే కాలేజీ మాట దాంతో చెల్లకుండా పోయింది. ఆ ప్రభుత్వం చేసిన ప్రతిదాన్నీ మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. ఆఫీసు కిటికీ దగ్గర ఉండే పెత్తనాన్ని పిల్లల చేతికిచ్చే పనైతే వాళ్లను ఎవరూ బతిమాలనక్కర్లేదు అని చెప్తున్నాను.

మరి మా యాప్ ఏమిస్తుంది? తెరిచి చూశాను. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఇంగ్లీషే. రాగానే లొకేషన్ అడిగింది, కెమెరా అడిగింది, కాంటాక్టులు కూడా అడిగింది. కాలేజీ గేటు లోపలికొచ్చి మొహం చూపిస్తే హాజరు పడుతుంది. నోటీసులు వస్తాయి. క్యాంటీన్‌కు ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఒక పేజీ ఉంది. మాకు క్యాంటీన్ లేదు. ఆఫీసు కిటికీ దగ్గర పిల్లలు రోజూ అడిగేవి రెండే ప్రశ్నలు: స్కాలర్‌షిప్ ఏమైంది, టీసీ ఎప్పుడిస్తారు. ఆ రెండింటికీ అందులో చోటు లేదు.

అసలు ముడి ఇక్కడుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే 75 శాతం హాజరు చూపించాలి. అంటే యాప్‌లో పడని ఒక్కో రోజూ డబ్బుతో ముడిపడిందే. ఖమ్మం రోడ్డు మీద బస్సు లేటైతే, సర్వర్ మొరాయిస్తే, ఫోన్ చచ్చిపోతే ఆ లెక్క పిల్లల ఖాతాలోకే పోతుంది. మరి అటువైపు? ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇవ్వడం లేదని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. బకాయి పడింది సర్కారు, తాళం వేసింది యాజమాన్యాలు, క్లాసులు పోయింది పిల్లలకు. విద్యార్థి గైర్హాజరును నిమిషాలతో సహా లెక్కపెట్టే యాప్‌లు బోలెడు. సర్కారుకు గైర్హాజరు వేసే యాప్ మాత్రం ఎవరూ తయారుచేయలేదు.

మా సెక్షన్‌లో ఒకమ్మాయి ఉంది. తండా నుంచి వస్తుంది. యాప్ ఎందుకు వేసుకోలేదమ్మా అని అడిగితే, “ఫోన్ మా నాయినది సార్. ఆయన పొద్దుగాల్నే ఆటో తీస్కొని పోతడు. నేనేడ ఎక్కించుకోవాలె?” అంది. నా దగ్గర జవాబు లేదు. మూడు రోజులు స్క్రీన్‌షాట్‌లో ఆ పిల్ల రోల్ నంబరు ఎర్రగా కనిపించింది. శుక్రవారం పక్కింటి వాళ్ల ఫోన్ అడుక్కొని తెచ్చింది. ఓటీపీ మాత్రం వాళ్ల నాయిన ఫోన్‌కే పోయింది. ఆయనకు ఫోన్ చేసి, బండి పక్కకు ఆపించి, నంబరు చదివించుకున్నాం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మొత్తుకుంటుంటే, కాలేజీలో కూర్చొని నేనే అడిగి చెప్పించుకున్నాను. సాయంత్రానికి మా సెక్షన్ నూటికి నూరు. గ్రూపులో నాకు చప్పట్ల బొమ్మలు. ఫోన్ పక్కింటికి పోయింది. సోమవారం హాజరు ఎట్లా అని ఎవరూ అడగలేదు.

దొంగ హాజర్ల సంగతేంటి అంటారు. ఉన్నాయి, కాదనను. కాగితం రిజిస్టర్ ఎంత అబద్ధమాడగలదో లోపల పనిచేసేవాడిగా నాకు తెలుసు. రాని పిల్లలకు హాజరు వేసి సర్కారు సొమ్ము తినడం చిన్న తప్పు కాదు. కానీ ఆ రిజిస్టర్ ఆ పిల్ల చేతిలో ఎప్పుడూ లేదు. రాసినవాళ్లు వేరే. రాసినవాళ్ల మీద అనుమానంతో కెమెరా మాత్రం పిల్ల మొహానికి పెట్టాం.

ఇది ఒక్క కాలేజీ గొడవ కాదు. తెలంగాణలో సెల్ఫీతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి ముందుగా వచ్చింది పింఛనుదార్ల లైఫ్ సర్టిఫికెట్లకు. 2020లో ‘టీ యాప్ ఫోలియో’ ద్వారా దోస్త్‌కూ తెచ్చారు. 2025లో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో మొహం చూసి హాజరు వేయడం మొదలైంది. అక్కడుండేది పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. వరస చూడండి: ముసలివాళ్లు, విద్యార్థులు. ఎదురు ప్రశ్న వేస్తే పింఛనో స్కాలర్‌షిప్పో ఆగుతుందని భయపడేవాళ్ల దగ్గరే ఇవన్నీ మొదలవుతాయి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి అంటే స్వేచ్ఛగా, తెలిసి, షరతుల్లేకుండా ఇచ్చేది అంటుంది. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే వీలుండాలంటుంది. అందులో తెలుగూ ఉంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా జరగాలి. చట్టం వచ్చేదాకా ఆగాలా? అడిగేదేదో తెలుగులో అడగడానికి ఏ నోటిఫికేషన్ కావాలి?

మోతె పక్కనే మునగాల. ఆ మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు, మరికొందరు కలిసి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగుకు దిక్కులేని రోజులవి. ఒక గ్రంథాలయం, అందులో జనానికి అర్థమయ్యే భాషలో పుస్తకాలు. జనం వచ్చారు. మనుషుల్ని ఒక కొత్త అలవాటు వైపు తీసుకురావడం ఎట్లాగో మా పక్క ఊరివాళ్లకు నూటపాతికేళ్ల కిందటే తెలుసు. వాళ్లకు కావలసింది ముందు వాళ్ల భాషలో ఇచ్చారు.

అందుకే మా కాలేజీకే కాదు, యాప్ కొనబోయే ప్రతి కాలేజీకీ చెప్పేదిదే. యాప్ తెలుగులో ఉండాలి. స్కాలర్‌షిప్ ఫైలు ఏ టేబుల్ మీద ఎన్ని రోజులుగా ఉందో అందులో కనబడాలి. టీసీకి దరఖాస్తు పెడితే నంబరు, తేదీ రావాలి. ఫోన్ లేని పిల్లకు కాగితం హాజరు హక్కుగా ఉండాలి, దయగా కాదు. హాజరు తప్పు పడితే ఎవరికి చెప్పుకోవాలో, ఎన్ని రోజుల్లో సరిచేస్తారో రాసి ఉండాలి. చదువు అయిపోయాక మొహాల ఫొటోలు చెరిపేయాలి. ఇవి చేసి చూడండి. ప్రోత్సహించే పని మాకుండదు, పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

వచ్చే సెమిస్టర్‌కు మళ్లీ అదే మెసేజ్ వస్తుంది. ఈసారి దండం బొమ్మ పెట్టను. ఆ పిల్లకు సోమవారం హాజరు ఎట్లా వేద్దాం అని అడుగుతాను. పీరియడ్ల లెక్కన బతికేవాడికి అదేం చిన్న ప్రశ్న కాదని నాకు తెలుసు. పర్మినెంట్ వాళ్లు ఒక్కరన్నా కింద ‘నాదీ అదే ప్రశ్న’ అని రాస్తే బాగుండు.